కారుకు పడని నీళ్లు

ఇంజన్‌లోకి నీళ్లు పోతే చెడిపోతుందని మా ఊళ్లో మేకలు కాసే ముసలాయనకు కూడా తెలుసు. అలాంటిది, ఇంజన్ చెడకుండా ఉండాలంటే దాంట్లోకి నీళ్లు కొట్టాలని నేను ముప్పై దాటాక నేర్చుకున్నాను. నేర్పింది ఒక షోకు ఆసామి కారు. ఆ విద్య మీద నాకేం కోపం లేదు. ఆ కారుకు ఏ నీళ్లు పడతాయో, ఏవి పడవో అంత శ్రద్ధగా నేర్చుకున్న మనిషి మీదే నాకు రోత. ఆ మనిషిని నేనే.

మాది దేవరకొండ పోయే రోడ్డు మీద ఊరు. రోడ్డుకు ఆనుకుని నా రేకుల షెడ్డు, షెడ్డు వెనకే ఇల్లు. ట్రాక్టర్లు, ఆటోలు, కూలీలను మోసే జీపులు, పొలాల్లో బోరు మోటర్లు, ఏది మొరాయించినా నా దగ్గరికే వచ్చేవి. తెలంగాణ వచ్చిన కొత్తలో హైదరాబాద్ వైపు భూములకు రెక్కలొచ్చాయి. కంది చేలల్లో రాళ్లు పాతి ప్లాట్లని అమ్మినవాళ్లు కార్లెక్కారు. అలాంటి ఒకాయన, వయసులో నాకంటే చిన్నవాడే, పాత పెట్రోలు కారొకటి కొని, సిటీలో దానికి సూపర్‌చార్జర్ పెట్టించుకొచ్చాడు. పెట్టినవాడు సిటీలో ఉన్నా అది చెడిపోయేది మా రోడ్డు మీదే కాబట్టి నా షెడ్డుకు రావడం మొదలుపెట్టాడు.

సూపర్‌చార్జర్ అంటే ఇంజన్ బెల్టుతో తిరిగే గాలిపంపు. బయటి గాలిని అదిమి ఇంజన్‌లోకి నెడుతుంది. గాలి ఎక్కువ పోతే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బండి లంఘించి దూకుతుంది. ఎక్కడికి దూకుతుందని మాత్రం అడగొద్దు. మా రోడ్డు మీద అడుగడుక్కీ గొర్ల మంద, గుంత, వడ్లు ఆరబోసిన చోటు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట అని మా అమ్మ ఆ కారును చూసిన రోజే నవ్వింది.

గాలిని అదిమితే వేడెక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు పట్టుకున్నవాళ్లకు అది తెలుసు. మా దిక్కు ఎండాకాలం గాలే నిప్పు. దాన్ని ఇంకా అదిమి పంపితే ప్లగ్గు రవ్వ కొట్టకముందే పెట్రోలు తనంతట తానే అంటుకుంటుంది. అప్పుడు లోపల రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు. ఆ చప్పుడు సాగనిస్తే పిస్టన్‌కు బొక్క పడుతుంది. దానికి విరుగుడే నీళ్లు. సగం నీళ్లు, సగం స్పిరిట్ కలిపి ఒక ట్యాంకులో పోయాలి. చిన్న పంపు దాన్ని తోస్తే, సూది మొనంత బొక్క ఉన్న నాజిల్‌లోంచి, ఇంజన్‌లోకి పోయే గాలి మీద సన్నని తుంపర పడుతుంది. చెమట ఆరితే ఒళ్లు చల్లబడ్డట్టు ఆ తుంపర ఆరిపోతూ గాలిని చల్లబరుస్తుంది.

ఆ సామానంతా ఆసామే సిటీ నుంచి తెచ్చాడు. నేను బిగించాను. డిక్కీలో ట్యాంకు కూర్చోబెట్టి పైపు ముందుకు లాగుతుంటే నా తల మీద నిలబడి చెప్పాడు.

“నీళ్లంటే ఏ నీళ్లు పడితే గవి కాదు మేస్త్రీ. బ్యాటరీల పోసే నీళ్లే పొయ్యాలె. మీ దిక్కు బోరు నీళ్లు పోసినవనుకో, నాజిల్ల సున్నం పడతది. నాజిల్ మూసుకపోతే ఇంజన్ ఖతం. యాది పెట్టుకో.”

“పెట్టుకున్న సార్” అన్నాను.

నిజంగానే పెట్టుకున్నాను. వారం వారం దేవరకొండ పోయి బ్యాటరీ దుకాణంలో రెండు క్యాన్ల నీళ్లు తెచ్చేవాణ్ని. నా స్కూటర్ బండికి వెనక ఒకటి, ముందు కాళ్ల మధ్య ఒకటి. ఎండ తగలకుండా గోనెసంచి కప్పేవాణ్ని. మూత తీసిన క్యాన్‌లో దుమ్ము పడుతుందని కొత్త గరాటు కొన్నాను. స్పిరిట్ మాత్రం ఆసామి తెచ్చిచ్చేవాడు. అది తాగితే కళ్లు పోయే సరుకు. దాని వాసనకు, కలిపిన రోజు సాయంత్రం దాకా తలనొప్పి. మా ఆవిడ ఆ సీసాను ఇంటి దరిదాపుల్లో పెట్టనివ్వలేదు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది కదా అని షెడ్డులో ఇనుప పెట్టె చేయించి దానికి తాళం కూడా వేశాను. అంత జాగ్రత్తగల మనిషిని నేను.

ఇక ఆసామి సంగతి. మా దిక్కు గడపలోకి వచ్చిన మనిషికి ముందు చెంబెడు నీళ్లిస్తారు, ఆ తర్వాతే ఎందుకొచ్చావని అడుగుతారు. బేరానికొచ్చినా, తగాదాకొచ్చినా అంతే. కారు ఆగిన చప్పుడు వినగానే మా అమ్మ చెంబు పట్టుకుని ఇంట్లోంచి షెడ్డులోకి వచ్చేది. అమ్మకు అప్పటికి అరవై కూడా లేవు. నడుం ముందుకు వంగిపోయింది. మెడ బిగుసుకుపోయి, పక్కనున్న మనిషిని చూడాలన్నా ఒళ్లంతా తిరగాల్సిందే. ఆ నాలుగు గజాలు నడవడానికే ఆమెకు అవస్థ. ఆసామి ఆమె దగ్గరికి వచ్చేదాకా చూసి, అప్పుడు అరచెయ్యి చూపించి “వద్దు పెద్దమ్మా” అనేవాడు. తర్వాత కారులోంచి సీసా తీసి రెండు గుక్కలు తాగి, మిగతావి టైరు మీద పోసి, సీసా విసిరేసేవాడు. మా బిడ్డ ఉరికి ఆ సీసా ఏరుకునేది. ప్రతిసారీ నాకు ఒళ్లు మండేది. మండినా “టైర్ల గాలి చూడాల్నా సార్” అనేవాణ్ని. కోటి విద్యలు కూటి కొరకే కదా.

అతను ఆ నీళ్లు ఎందుకు తాగడో నాకు తెలియనిది కాదు. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్. పుట్టినప్పటి నుంచి ఆ మాట వింటున్నాం. వంగినవాళ్లు, ముడుచుకుపోయినవాళ్లు ఇంటికొకరు ఉన్నారు. వాళ్లను చూసి చూసి ముసలితనం అంటే అట్లాగే వస్తుందని అనుకునేదాకా వచ్చాం. అమ్మయితే నీళ్లు పాతచీర గుడ్డతో రెండుసార్లు వడగట్టి, పసుపు రాసిన కుండలో పోసి, మూత పెట్టి, మన నీళ్లు మంచివే అనుకునేది.

కారుకు ఆ తుంపర సామాను బిగించిన ఏడే వానాకాలంలో అంగన్‌వాడీకి ఒక డాక్టరమ్మ వచ్చింది. మా బిడ్డకు అప్పుడు మూడేళ్లు. మా అమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుంటే డాక్టరమ్మ పిల్ల నోరు తెరిచి చూసింది, తర్వాత అమ్మ మెడ చూసింది, నన్నూ మా ఆవిడనూ దగ్గరికి పిలిచింది.

“పెద్దమ్మకు అయ్యింది అయిపోయింది. ఈ పిల్లకు ఇప్పుడే జాగ్రత్త పడండి. వచ్చే పెద్దపళ్లు లోపల ఇప్పుడే తయారవుతుంటాయి, ఎముకలూ అంతే. బోరు నీళ్లు ఈ రోజు నుంచే బంద్ చెయ్యండి. దేవరకొండలో శుద్ధి చేసిన నీళ్ల క్యాన్ దొరుకుతుంది. ఇంటిల్లిపాదికీ తేలేకపోయినా, పిల్ల ఒక్కదానికి వారానికి ఒక క్యాన్ చాలు. తెస్తారా?”

“తెస్త మేడం” అన్నాను.

అరచేతిలో పెట్టినంత సులువుగా చెప్పింది. పరీక్షలు లేవు, మందులు లేవు, వారానికో క్యాన్. ఆ వారం వేరే ట్రిప్పు వేసి తెచ్చాను. రెండో వారం కూడా తెచ్చాననుకుంటా. మూడో వారం బండి మీద జాగా లేదు. ఎందుకు లేదో చెప్పనక్కర్లేదు, వెనకొక క్యాన్, ముందొక క్యాన్, రెండూ కారువి. మా ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. “కారుకు తెస్తవు, బిడ్డకు తేవా?” అని ఒకరోజు నా గోనెసంచి గుంజి పారేసింది. ఇంకో ట్రిప్పు పోతాలే అన్నాను. సర్కారు ఇంటింటికీ నల్లా ఇస్తానంటున్నది కదా, నేడో రేపో వస్తది అన్నాను. మనం తాగి పెరగలేదా అన్నాను. నోరున్నవాడికి సాకులు కరువా? దున్నపోతు మీద వాన పడ్డట్టే. బిడ్డ మళ్లీ కుండలో నీళ్లే తాగింది.

ఇప్పుడు రాస్తుంటే చేతికి రోతగా ఉంది. మరిచిపోయి చేసినవాడికి కనీసం మరిచిపోయాననే సాకుంటుంది. నాకు అదీ లేదు. క్యాన్ బండికి కట్టిన ప్రతిసారీ డాక్టరమ్మ మాట యాదికొచ్చేది. వచ్చినా తాడు గట్టిగా బిగించి ఇంటికొచ్చేవాణ్ని.

ఏడాదిన్నర అట్లా గడిచింది. ఆ ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున ఆసామి దోస్తులను నలుగురిని వేసుకుని వచ్చాడు. డ్యాం దాకా పోయి రావాలట, వాళ్ల ముందు కారు ఉరికించాలట. ట్యాంకు చూస్తే అడుగంటింది. నా దగ్గర బ్యాటరీ నీళ్లు చుక్క లేవు. దుకాణాయన జాతరకు పోయి రెండు రోజులైంది, షట్టర్ వేసి ఉంది. ఆ మాట చెబితే ఆసామి దోస్తుల ముందు నన్ను నానా మాటలంటాడని నాకు భయం. క్యాన్ పట్టుకుని షెడ్డు వెనక నిలబడ్డాను.

“ఏమైంది కొడుకా?” అంది అమ్మ, ఇంటి అరుగు మీది నుంచి.

“కారుకు నీళ్లు లేవే.”

“నీళ్లకేం కరువు? ఆగు.”

లోపలికి పోయి బిందె చంకనెత్తుకుని, గోడ పట్టుకుంటూ వచ్చింది. “తాగే నీళ్లే కొడుకా. పొద్దుగాలనే వడగట్టిన. మంచిగున్నయి, పొయ్యి.”

ఇంట్లో అందరికంటే మంచి నీళ్లని ఆమె అనుకున్నవి అవి. నాకు తెలుసు అవి ఏ నీళ్లో. పోశాను. ఆ కొత్త గరాటు పెట్టే పోశాను. స్పిరిట్ కలిపి, మూత బిగించి, “అయిపోయింది సార్” అన్నాను. వాళ్లు రోడ్డు మీద గొర్లను చెదరగొట్టుకుంటూ పోయారు.

ఏమీ కాలేదు. సాయంత్రం వాపసు వచ్చి, కారు బాణంలా పోయిందని నా భుజం తట్టాడు. ఒకసారి పోస్తే ఏం కాలేదు కాబట్టి ఇంకోసారి పోశాను. దుకాణం తెరిచాక కూడా దేవరకొండ పోవడానికి బద్ధకమైంది. రెండు నెలలు ఇంటి నీళ్లే. బండి మీద జాగా ఖాళీ అయింది. అయినా బిడ్డకు క్యాన్ తేలేదు. ఈ మాట దాచుకోవాలని చాలా ఉంది.

ఎండలు ముదిరిన తర్వాత ఒక పొద్దున ట్రాక్టర్ వెనక తాడు కట్టుకుని కారు వచ్చింది. ఆసామి దాని వెనక ఆటోలో దిగాడు. విప్పు అన్నట్టు బానెట్ చూపించాడు. ఇంజన్ హెడ్ విప్పితే ఒక పిస్టన్ నడుమ కరిగి బొక్క పడి ఉంది. నాజిల్ ఊడదీసి అరచేతిలో వేసుకున్నాను. సూది మొనంత ఉండాల్సిన బొక్క కనిపించలేదు. దాని చుట్టూ తెల్లగా, గట్టిగా సున్నం గడ్డకట్టి ఉంది.

“ఏం నీళ్లు పోసినవ్ మేస్త్రీ?”

ఆసరికి అమ్మ ఎప్పట్లాగే చెంబు పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. బిడ్డ ఆమె కొంగు పట్టుకుని ఉంది.

“నేనే ఇచ్చిన సారూ” అంది అమ్మ. “తాగే నీళ్లే. బట్టతోని వడగట్టిన.”

“గా నీళ్లా?” అని కారు మీద చెయ్యేసి కొట్టాడు. “గా విషం నా బండికి పోసిండ్రా? తెలివి గిట్ల ఉన్నదా మీకు?”

“మేం తాగేటియే గద బిడ్డా అని పోసినం.”

“మీరు తాగితే తాగుండ్రి! నా బండికెందుకు పోసిండ్రు?”

స్పానర్ నా చేతిలోనే ఉంది. వాడి మొహం మీద వెయ్యాలనిపించింది. ఛీ, ఎంత మాట అన్నాడు! కానీ ఏ నోటితో అడగను? ఏడాదిన్నర పాటు వాడి మాట ప్రకారమే కదా నేను నడిచింది. మంచి నీళ్లు బండికి, బోరు నీళ్లు మా వాళ్లకు. వాడు మాట అన్నాడు, నేను క్యాన్లు మోసి చేసి చూపించాను.

అమ్మ వాడి మాట పట్టించుకోలేదు. నా అరచేతిలోకి వంగి, నాజిల్ మీది తెలుపును గోటితో గీకింది. “ఇది మన కుండ అడుగున పట్టేటిదే గదరా” అంది. అంటూ చెంబు పక్కనున్న స్టూలు మీద పెట్టింది. వాడు ఎట్లాగూ తాగడు. మా బిడ్డకు దూపయిందేమో, రెండు చేతులతో ఆ చెంబు ఎత్తుకుని గటగటా తాగడం మొదలుపెట్టింది.

ఉరికి చెంబు గుంజుకున్నాను. నీళ్లు పిల్ల గౌను మీద, నా కాళ్ల మీద ఒలికాయి. చెంబు అంచు తగిలి దాని పెదవి చిట్లింది. ఏం తప్పు చేశానో తెలియక అది గుక్కపెట్టి ఏడ్చింది. అప్పటికి దానికి ఐదేళ్లు నిండవచ్చాయి.

ఆ మధ్యాహ్నమే పోయి నీళ్ల క్యాన్ తెచ్చాను. తర్వాత ఒక్క వారం తప్పలేదు. ఆసామి కారును లారీ మీద సిటీకి తీసుకుపోయాడు, మళ్లీ మా షెడ్డుకు రాలేదు. కొత్త పిస్టన్లు వేయించి ఎవరికో అమ్మేశాడని విన్నాను. నాజిల్ మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఒకరోజు ఊరికే దాన్ని నిమ్మరసంలో వేసి ఉంచితే, తెల్లారేసరికి సున్నమంతా ఊడి కొత్తదానిలా మెరిసింది. చూడగానే కోపమొచ్చి రోడ్డవతల పారేశాను.

కొన్నాళ్లకు ఇంటి ముందుకు నల్లా వచ్చింది. కృష్ణ నీళ్లు. వచ్చిన రోజు ఊరంతా పండగ, అమ్మ దోసిట్లో పట్టి కళ్లకద్దుకుంది. ఆ తర్వాతి ఏడే మా బిడ్డకు ముందు పెద్దపళ్లు రెండూ వచ్చాయి. సుద్దముక్కలా తెల్లగా, అడ్డంగా గోధుమరంగు చారలతో వచ్చాయి. తోమలేదని మా ఆవిడ మొదట కొట్టింది. తర్వాత ఉప్పుతో, బూడిదతో తనే తోమింది, చిగుళ్ల వెంట రక్తం వచ్చేదాకా. పట్నంలో పళ్ల డాక్టర్ చూసి, మరకలు పైన పట్టినవి కావు, పన్ను లోపలే అట్లా తయారైంది, పైన పూత వేయించుకోవచ్చు పెద్దయ్యాక అన్నాడు. ఎముకలు మాత్రం ఇప్పటికి బాగానే ఉన్నాయన్నాడు. దేవుడి దయ అంది అమ్మ. దేవుడి దయే, నా దయ కాదు.

ఇప్పుడు దానికి పదమూడు దాటాయి. చదువులో ముందుంటుంది. బడి ఫొటోలో పక్కపిల్లలంతా పళ్లు కనబడేలా నవ్వుతుంటే, ఇది పెదవులు బిగబట్టుకుని ఎవరినో కోప్పడుతున్నట్టు నిలబడింది. మొన్న ఆదివారం పొద్దున అందరం అరుగు మీద చాయ్ తాగుతుంటే పుస్తకం మూసి నా దిక్కు చూసింది.

“బాపూ, మా సైన్స్ సార్ చెప్పిండు. చిన్నగున్నప్పుడే నీళ్లు మారిస్తే పళ్లు గిట్ల కాకపోవునట. అప్పుడు మనకెవలన్న చెప్పిండ్రా?”

మా ఆవిడ గ్లాసు కింద పెట్టి లోపలికి పోయింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

“ఎవలు చెప్తరు బిడ్డా? గా దినాలల్ల ఎవలకెరుక?”

డాక్టరమ్మ ఆ మాట చెప్పినప్పుడు పిల్ల ఉన్నది ఈ అమ్మ ఒళ్లోనే. అమ్మ మెల్లగా, ఒళ్లంతా తిప్పి, నా వైపు చూసింది.

“ఊ, ఎవలకూ ఎరుకలేదు” అన్నాను నేను.

బిడ్డ నమ్మింది. “గంతే గదా” అని నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.